పరాయి నేలలో మన పంట: నెల్లూరు తీరం నుండి ఒక విమర్శ

మన జనాభాకు కావలసిన ఆహారమంతా మన నేల మీదనే పండించనవసరం లేదు, భూమి విస్తారంగా ఉన్న ఇతర దేశాలలో కౌలుకు తీసుకొని పండించి తెచ్చుకోవచ్చు అన్న ఆలోచన గత ఇరవై ఏళ్ళుగా మన మధ్య తిరుగుతున్నది. ఇది రచ్చబండ కబురు కాదు. వ్యవసాయోత్పత్తిపై కేంద్రం నియమించిన కార్యవర్గం ఒకటి, అప్పటి హర్యానా ముఖ్యమంత్రి భూపీందర్ సింగ్ హుడా అధ్యక్షతన 2010లో ఇచ్చిన నివేదికలో ఈ సలహా చేసింది. భారతీయ కంపెనీలు విదేశాలలో భూములు తీసుకోవడాన్ని ప్రోత్సహించాలనీ, కనీసం 20 లక్షల టన్నుల పప్పుధాన్యాలు, 50 లక్షల టన్నుల వంటనూనె 15, 20 ఏళ్ళపాటు ఆ విధంగా సమకూర్చుకోవడం ఆలోచించదగినదనీ దాని సారాంశం. అంతకు కొన్నేళ్ళ ముందే ఆంధ్రప్రదేశ్ రైతులను కెన్యా, ఉగాండా దేశాలకు పంపి అక్కడ సాగు చేయించాలన్న ప్రతిపాదన పత్రికలకెక్కింది.

వేదాంత పత్రికలో దీనికి చోటెందుకని కొందరు అడగవచ్చు. గ్రామీణ సంఘాల సదస్సులలో ఈ మాట నేను ఒకటికి రెండుసార్లు విన్నాను. అదీ గృహనిర్వాహకత్వం అనే మంచి బైబిలు మాటను తొడుక్కొని వచ్చింది. దేవుడిచ్చిన భూమి ఒకచోట వృథాగా పడి ఉండగా మరొకచోట జనం ఆకలితో ఉంటే, ఆ రెంటినీ కలపడం నమ్మకమైన గృహనిర్వాహకుని పని కాదా అని అడుగుతారు. ప్రశ్న మంచిదే. అయితే ఆ ప్రశ్నలో ‘వృథాగా’ అన్న మాట ఎవరు పెట్టారో చూడాలి. నెల్లూరు తీరంలో సంఘకాపరిగా ఉన్నవానికి ఆ మాట కొత్తది కాదు.

ముందుగా ఆ వాదనకు న్యాయం చేద్దాం. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2023లో మన దేశం చైనాను దాటి ప్రపంచంలో అత్యధిక జనాభా గల దేశమైంది. బోరుబావుల లోతు ఏటేటా పెరుగుతున్నది. కందిపప్పు ధర ఒక్క ఏడాదిలో రెట్టింపైన సందర్భాలు మన ఇంటి ఆడవారికి బాగా గుర్తు. 2015లో అలా జరిగిన మరుసటి సంవత్సరమే, అంటే 2016 జూలైలో, భారత ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. మొదటి ఏడు లక్ష టన్నులతో మొదలుపెట్టి 2020–21 నాటికి 2 లక్షల టన్నుల వరకు కంది తదితర పప్పులు కొనడం ఆ ఒప్పందం. అది భూమిని తీసుకోవడం కాదు, అక్కడి రైతులు పండించిన పంటను కొనడం. పంటను కొనడానికీ, పంట పండే నేలనూ నీటినీ చేజిక్కించుకోవడానికీ ఎంతో తేడా ఉంది. చర్చలలో ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వలననే సగం గందరగోళం. నా విమర్శ ముఖ్యంగా రెండవదానిమీద.

ఖాళీ భూమి అంటే ఏమిటి?

ఇథియోపియా పడమటి అంచున, దక్షిణ సూడాన్ సరిహద్దులో గంబేలా అనే ప్రాంతం ఉంది. బారో నది అక్కడ పారుతుంది. గులాబీల వ్యాపారంలో పేరున్న బెంగుళూరు సంస్థ కరుటూరి గ్లోబల్ అక్కడ 2010లో లక్ష హెక్టార్లకు ఒప్పందం చేసుకుంది. పని సాగితే మరో 2 లక్షల హెక్టార్లు ఇస్తామన్నారు. కౌలు హెక్టారుకు ఏడాదికి 20 బిర్‌లు, అప్పటి లెక్కన ఒకటిన్నర డాలరు లోపే. గడువు 50 ఏళ్ళు. మన వైపు మంచి మాగాణి ఎకరం ఏడాది కౌలుకు ఎంత పలుకుతుందో ఎరిగినవారు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఇంత చవకగా భూమి దొరకాలంటే దానికి అడిగే దిక్కు లేదని ఎవరో ముందే తేల్చి ఉండాలి.

అక్కడ అనుయాక్ ప్రజలున్నారు. నది ఒడ్డున మొక్కజొన్న, జొన్న వేస్తారు, చేపలు పడతారు, ఒక చోట నేల అలసిపోతే దాన్ని విడిచి మరొక చోటికి పోయి కొన్నేళ్ళకు మళ్ళీ తిరిగివస్తారు. అలా విశ్రాంతికి వదిలిన నేల పటంలో ఖాళీగానే కనబడుతుంది. అదే సంవత్సరాలలో ప్రభుత్వం గంబేలా ప్రజలను కొత్త గ్రామాలకు తరలించింది. ఆ తరలింపు బలవంతంగా జరిగిందని హ్యూమన్ రైట్స్ వాచ్ 2012 జనవరిలో నివేదిక ప్రచురించింది. ప్రభుత్వం ఆ ఆరోపణను కాదన్నది, భూముల కౌలుకూ తరలింపుకూ సంబంధం లేదన్నది.

ఇక పంట సంగతి. 2011లో బారో నది పొంగి కంపెనీ వేసిన మొక్కజొన్నను ముంచేసింది. ఆ మైదానం వరదకు మునుగుతుందని అనుయాక్ పిల్లవాణ్ణి అడిగినా చెప్పి ఉండేవాడు. 2015 డిసెంబరులో ఇథియోపియా ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. లక్ష హెక్టార్లలో సాగులోకి తెచ్చింది 1,200 హెక్టార్లేనని కారణం చూపింది. దీని వలన మన దేశపు కంచాలలోకి చేరినది ఏమీ లేదని చెప్పినా తప్పు కాదు.

కాపరులమైన మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అనుయాక్‌లలో చాలామంది క్రైస్తవులు. ఇథియోపియా సువార్త సంఘమైన మెకానె యేసుస్ అక్కడ బలంగా ఉంది. ఆ సంఘపు పాస్టరు ఒమోత్ అగ్వా 2014లో ప్రపంచ బ్యాంకు తనిఖీ బృందం గంబేలాకు వచ్చినప్పుడు దుబాసీగా పనిచేశాడు. 2015 మార్చిలో ఆహార భద్రతపై జరిగే సమావేశానికి నైరోబి వెళ్ళబోతూ అడిస్ అబాబా విమానాశ్రయంలో అరెస్టయ్యాడు. ఆ సెప్టెంబరులో అతనిపై ఉగ్రవాద నిరోధక చట్టం కింద నేరం మోపారు. తన ప్రజల మాటను పరాయి భాషవారికి వినిపించడం అతని పని. మన వేదాంత కళాశాలలలో మిషన్ పాఠాలు చెప్పేటప్పుడు ఇటువంటి పాస్టర్ల పేర్లు ఎన్నడూ వినబడవు.

మన తీరమే ఒకరికి పరాయి పొలం

నెల్లూరు అంటే వరి. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పి తిన్న తరాలు మనవి. పెన్నా కాలువల కింద కయ్యలు, వాటికి తూర్పున సముద్రం వైపు చవుడు నేలలు, ఉప్పుటేళ్ళు. రెవెన్యూ లెక్కలలో ఈ చవుడు నేలలు చాలావరకు పోరంబోకు, బీడు. అయితే అక్కడ పశువులు మేసేవి. యానాదులు పీతలు, చేపలు పట్టుకొనేవారు. పట్టపువారు వలలు ఆరవేసుకొనేవారు. పొయ్యిలోకి కట్టెలూ అక్కడివే. భూమిలేని దళిత కుటుంబాలకు ప్రభుత్వం పంచిన భూములలోనూ కొంత భాగం ఈ వైపే ఉంది.

1990ల మొదట్లో కండలేరు ఉప్పుటేరు వెంబడి రొయ్యల గుంటలు వెలిశాయి. ఆ రొయ్యలు మన పిల్లల కంచంలోకి పెంచినవి కావు. మొదట జపాను, తరువాత ముఖ్యంగా అమెరికా వాటిని తిన్నాయి. ఇంకొక దేశపు విందుకు మన నేల పొలమైంది. కంపెనీ విదేశాలదే కానవసరం లేదు. తినేవాడు దూరంగా ఉండి, నేలా నీళ్ళూ ఇక్కడివైతే చాలు, సంగతి ఒకటే.

1994–95లో తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలు కూలాయి. పెట్టుబడి పెట్టినవారు కొందరు వెళ్ళిపోయారు, ఉప్పు మాత్రం వెళ్ళలేదు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పునిస్తూ, తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలనీ, సాగు భూములను, ఊరుమ్మడి భూములను చెరువులుగా మార్చరాదనీ ఆదేశించింది. వచ్చే లాభం కంటే జరిగే నష్టమే ఎక్కువని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ వేసిన లెక్క కోర్టు ముందు ఉంది. 2005లో వచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ తీర్పు దారిని చాలావరకు మళ్ళించింది. 2009లో వెనామీ రకం అడుగుపెట్టిన తరువాత గుంటలు మునుపటికంటే విస్తరించాయి.

ఇక్కడ నేను కాపరిగా చూసినది చెప్పాలి. తీర గ్రామాలలో చేతిపంపు నీళ్ళు ఉప్పగా మారితే, తాగే నీళ్ళు క్యాన్లలో కొనుక్కొనే ఇళ్ళు మా సంఘాలలో చాలా ఉన్నాయి. పక్క కయ్యలో గుంట తవ్వితే ఇటు కయ్యలో వరి ఎదగదు. తరువాత ఇటు కయ్య రైతు కూడా లీజుకిచ్చేస్తాడు. అదే సంఘంలో రొయ్యల మీద ఇల్లు కట్టుకొన్నవారు, పిల్లలను ఇంజనీరింగు చదివించినవారూ ఉన్నారు. కొన్ని మందిరాల స్లాబులో ఆ డబ్బు ఉంది. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్యలు ఒలిచే ఆడపిల్లల జీతం ఇంటికి ఆధారం. గుంట గట్టు మీద గుడిసెలో రాత్రీ పగలూ కాపలా ఉండేది ఎక్కువగా యానాది కుటుంబం. ఒకప్పుడు ఆ నేల మీద స్వేచ్ఛగా పీతలు పట్టుకొన్న కుటుంబమే అది. కనుక ‘రొయ్య చెడ్డది’ అని ప్రసంగ వేదిక నుండి తేల్చివేయడం సులభం కాదు, నేను అలా తేల్చడం లేదు. నేను చెప్పేదొక్కటే: దూరపు కంచం కోసం పండే నేలలో లాభం ఒకరికీ, ఉప్పు మరొకరికీ చేరుతుంది. ఆ రెండవవారు ఒప్పందం కాగితం మీద ఎక్కడా కనబడరు.

ధర కూడా దూరంలోనే తేలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, దాని దెబ్బ ఇందుకూరుపేట, విడవలూరు గట్లమీద తెలిసింది. గంబేలాలో మనం కౌలుదారులం కావాలని కోరుకొనేవారు, ఇక్కడ మనం ఏ స్థానంలో ఉన్నామో ముందు చూచుకోవాలి.

ఒకే మండలంలో రెండు దారులు

విచిత్రమేమంటే, పరాయి నేల పంట మీద మనం బతకడం కూడా ఇదే తీరంలో కళ్ళకు కనబడుతుంది. ముత్తుకూరు మండలంలో కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. రేవు చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. వాటికి చేరే ముడినూనెలో ముఖ్యమైనది ఇండోనేషియా, మలేషియాల పామాయిల్. అక్కడ అడవులు కొట్టి వేసిన తోటల నుండి వచ్చిన నూనె ఈ మండలంలో దిగుతుంది. వరి తీసి తవ్విన గుంటల రొయ్యలు ఇదే మండలం నుండి బయలుదేరుతాయి. మన దేశం ఏటా కోటిన్నర టన్నులకు పైగా వంటనూనె దిగుమతి చేసుకుంటున్నది. అవసరంలో అది సగానికంటే ఎక్కువ.

ఇది భూమి చాలక వచ్చిన కొరత అని హుడా నివేదిక వంటివి చదివినవారికి తోస్తుంది. చరిత్ర అలా చెప్పడం లేదు. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైన తరువాత, 1990ల తొలి ఏళ్ళకు మన నూనె దాదాపు మనమే పండించుకున్నాం. 1994 నుండి పామోలిన్ దిగుమతికి తలుపు తెరిచారు, తరువాత సుంకాలు తగ్గించారు. చవక నూనె వచ్చింది. పేదవాని చట్టిలో తాలింపుకు అది అక్కరకు వచ్చిందనడంలో సందేహం లేదు. కానీ వేరుశనగ వేసే మెట్ట రైతుకు ధర పోయింది. అటు ఏటా 2 కోట్ల టన్నుల వరకు బియ్యం బయటకు పంపుతున్నాం. కాకినాడ నుండి పడమటి ఆఫ్రికాకు పోయే బియ్యం అందులో పెద్ద పాలు. ఆఫ్రికాలో మనకు తిండి పండించుకుందామని అనుకొనేవారు, ఆఫ్రికా మన బియ్యం కొనుక్కొని తింటున్నదని మరిచిపోతారు. ఒక్క ఎకరం వరికి పట్టే నీటితో మెట్టపంట ఎన్ని ఎకరాలు పండుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. కొరత నేలలో కంటే ధరలలో, కొనుగోలు విధానాలలో ఎక్కువ ఉంది.

పైగా పరాయి నేల కరవు రోజున మనదిగా ఉండదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె ప్రియమైందని పామాయిల్ ఎగుమతి ఆపింది. మే 23 వరకు అది సాగింది, ఆ కొద్ది రోజులకే ఇక్కడ పాకెట్టు ధర వణికించింది. దానికి ఇండోనేషియాను తప్పుపట్టలేము. మనమూ అదే చేశాము. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించాము, 2024 సెప్టెంబరు వరకు ఎత్తివేయలేదు. ఆ వార్త విని అమెరికాలోని మన తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. వారిని చూసి నవ్వుకున్నాం కానీ, వారికంటే ముందు ఇబ్బంది పడినవి మన బియ్యం మీద ఆధారపడిన ఆఫ్రికా దేశాలు.

నిషేధించకపోతే ఏమవుతుందో కూడా ఈ తీరానికి తెలుసు. 1876–78 ధాత కరవులో మద్రాసు రాజధాని అంతటా జనం రాలిపోయారు. దక్షిణ, పడమటి భారతదేశంలో మృతులు అర కోటికి పైనేనని అంచనా. కరవు పనిగా తవ్విన బకింగ్‌హాం కాలువ ఈ తీరం పొడవునా నేటికీ కనబడుతుంది. రిచర్డ్ టెంపుల్ తేల్చిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్ది కాసులు. గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం ధాన్యం కొని నిలవ చేయాలని చూస్తే, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టవద్దన్నది. ఆ 1877లో భారతదేశం నుండి బ్రిటనుకు పోయిన గోధుమలు 1876లో కంటే ఎక్కువ. బ్రిటను తన పంటను బయటి నేలలకు వదలి, తాను ఫ్యాక్టరీలు నడుపుకొన్న కాలమది. ఆ బయటి నేలలలో ఒకటి మనది.

మన సంఘ చరిత్రలో ఆ కాలువ క్లౌ దొరగారి కథగా నిలిచింది. ఆయన మూడున్నర మైళ్ళ కాలువ పని కాంట్రాక్టు తీసుకొని కరవు జనానికి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందడం బడి పిల్లలకు కూడా వచ్చు. ఆ కథ విలువైనదే. అయితే ఆ జనానికి గింజలు ఎందుకు లేవు, ఉన్న గింజలు ఏ ఓడ ఎక్కాయి అన్న ప్రశ్న మన చరిత్ర పుస్తకాలలో అరుదు. బాప్తిస్మాల లెక్క ఒకటి తప్పకుండా చెప్పుకుంటూ వచ్చినవారు ఓడల లెక్క కూడా చదవవలసింది.

తూరు పట్టణపు రొట్టె

బైబిలులో ఈ విషయానికి నేరుగా తగిలే ఊరు తూరు. సముద్రపు బండమీది వర్తక పట్టణం, సాగు భూమి తక్కువ. హీరాము సొలొమోనుకు దేవదారు, సరళ మ్రానులు ఇచ్చి, తన ఇంటివారికి తిండి కోరాడు. ఏటేటా గోధుమలు, నూనె పోయేవి (1 రాజులు 5:9–11). ఇరవై ఏళ్ళ తరువాత గలిలయలోని 20 పట్టణాలు హీరాము చేతికి పోయాయి (9:11–13). వ్యాఖ్యానాలు ఇక్కడ కాబూల్ అన్న పేరు అర్థం గురించి పేజీలు నింపుతాయి. నాకు కనబడేది వేరు. ఆ పట్టణాల గురించి వచనంలో నమోదైన అభిప్రాయం ఒక్కటే, అది పుచ్చుకొన్న రాజుది: అవి అతనికి నచ్చలేదు. అక్కడ కాపురమున్నవారు ఏమన్నారో ఒక్క మాట లేదు.

ఈ సంబంధం వందల ఏళ్ళు నడిచింది. యెహెజ్కేలు 27:17 యూదా, ఇశ్రాయేలు గోధుమలను తూరు సరుకులలో లెక్కిస్తుంది. అపొస్తలుల కార్యములు 12:20లో తూరు, సీదోను వారు హేరోదు ముందు సమాధానం వేడుకొంటారు, తమ దేశానికి తిండి రాజు దేశం నుండి రావడమే కారణం. ధనమున్న పట్టణం ఒక నియంత కోపానికి వణకడం అక్కడ చూస్తాము. ఇండోనేషియా ఎగుమతి ఆపిన రోజున ఢిల్లీ పరిస్థితి ఇంచుమించు ఇదే.

మార్కు 7:24–30లోని సురోఫెనికయ స్త్రీ కథను జర్మన్ పండితుడు గెర్డ్ థైసెన్ 1989 నాటి తన గ్రంథంలో ఈ నేపథ్యంలో చదివాడు. గలిలయ పల్లెల గోధుమ తూరు ధనికుల బల్లకు పోతుండగా, పిల్లల రొట్టె గురించిన యేసు మాటకు ఆ పల్లెల చేదు అనుభవం వెనుక ఉందని ఆయన వాదన. అది కఠినమైన మాట అని తడబడే మన ప్రసంగాలకు ఈ పఠనం మేలు చేస్తుంది. అయినా దీనిని పూర్తిగా ఒప్పుకోలేను. థైసెన్ ఆమెను పై తరగతి స్త్రీగా తీసుకుంటాడు, వచనంలో ఉన్న ఆధారం దానికి పలచన. జబ్బుపడిన కూతురితో ఇంట్లో ఉన్న ఒక తల్లి ఆమె. తూరు పట్టణం చేసే కొనుగోళ్ళకు ఆమెను జవాబుదారీ చేయడం, పామాయిల్ పాకెట్టు కొన్న మన కూలి తల్లిని ఇండోనేషియా అడవులకు జవాబుదారీ చేయడం వంటిది. కొనే దేశపు ఆకలి కూడా నిజమైన ఆకలే. ఆమె అడిగినది బల్ల కింద పడిన ముక్కలు. గలిలయలో ఊళ్ళు తనకు రాసిమ్మని ఆమె అడగలేదు. పంటను కొనడానికీ నేలను తీసుకోవడానికీ నేను మొదట చెప్పిన తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది.

బి.డి. విద్యార్థులు క్షేత్ర పరిశీలనకు అంశం కావాలని అడుగుతుంటారు. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాలలో ఏదో ఒక ఊరు ఎంచుకొని, ఇప్పుడున్న ఒక్కొక్క గుంట తవ్వకముందు ఎవరి చేతిలో ఉన్నదో, అక్కడ ఏమి పండేదో, ఎవరు ఏమి ఏరుకొనేవారో, కౌలు కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో రాసుకు రమ్మనండి. యానాది సంఘాల పెద్దలనూ, పట్టపుపాళెం ఆడవారినీ ముందు అడగాలి, రెవెన్యూ రికార్డు తరువాత చూడవచ్చు. ఆ నేల బీడు అని లెక్కలలో రాసుకొన్న రోజులలో అక్కడ ఎవరున్నారో చెప్పగలవారు ఇంకా ఉన్నారు. వారిలో చాలామందికి డెబ్బై దాటింది.